గంట చాలదు, ఫ్యూజు కావాలి: క్లౌడ్ బిల్లుకు హద్దు



ఈనాటి ప్రసంగ విషయం క్లౌడ్ కంప్యూటింగ్. దాని లాభాల గురించి మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. అందుచేత ఈ రోజు అంతగా ఎవరూ చెప్పని భాగాన్ని తీసుకుంటున్నాను. అది నెలాఖరున వచ్చే బిల్లు. ఊహించని బిల్లు ఎందుకు వస్తుంది? దానికి హద్దు పెట్టడం ఎందుకు కష్టమవుతోంది? మనవంతుగా ఏం చెయ్యవచ్చు? ఈ మూడు ప్రశ్నలను వరుసగా చూద్దాం.

ముందుగా ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. నా వయసు వాళ్ళకు ఎస్‌టీడీ బూత్ బాగా తెలుసు. గాజు తలుపు వేసుకొని నంబరు కలిపామంటే, ఎదురుగా ఉన్న చిన్న పెట్టెలో ఎర్ర అంకెలు కదలడం మొదలుపెట్టేవి. సగం దృష్టి మాటల మీద, సగం ఆ అంకెల మీద. జేబులో ఇరవై రూపాయలుంటే, పద్దెనిమిది దాటగానే "మిగతాది ఉత్తరం రాస్తాలే" అని ఫోను పెట్టేసేవాళ్ళం. ఎస్‌టీడీ బూత్‌లో మాట్లాడి అప్పులపాలైనవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఎందుకంటే మీటరు మన కళ్ళ ముందు ఉండేది, డబ్బు మన జేబులో ఉండేది, ఆపే చెయ్యి మనదే. ఈ మూడూ ఒకేచోట ఉండేవి. క్లౌడ్‌లో ఈ మూడూ విడిపోయాయి. ఈ ప్రసంగంలో నేను చెప్పబోయేదంతా ఈ విడిపోవడం గురించే.

క్లౌడ్ అంటే ఏమిటి?

సొంతంగా కంప్యూటరు కొనకుండా, మరొకరి కంప్యూటరును ఇంటర్నెట్టు ద్వారా అద్దెకు వాడుకోవడమే క్లౌడ్ కంప్యూటింగ్. క్లౌడ్ అంటే మబ్బు. పేరులో మబ్బు ఉన్నా, నిజానికి అవి నేలమీద కట్టిన పెద్ద పెద్ద భవనాలు. వాటి నిండా వరుసలు వరుసలుగా కంప్యూటర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు ఉంటాయి. అమెజాన్ సంస్థ ఇటువంటి డేటా కేంద్రాల సముదాయాన్ని 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాదులో ప్రారంభించింది.

ఈ ఆలోచన కొత్తది కాదు. టెలిఫోను మాదిరిగానే కంప్యూటరు శక్తి కూడా ఏదో ఒకనాడు అందరికీ అందే సేవ కావచ్చునని జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త 1961లోనే అన్నారు. అది పెద్ద ఎత్తున వ్యాపారంగా మారింది 2006లో. ఆ ఏడాది అమెజాన్ సంస్థ సమాచారం దాచుకోవడానికి గిగాబైటుకు నెలకు 15 సెంట్లు, ఒక చిన్న కంప్యూటరు వాడకానికి గంటకు 10 సెంట్లు ధర పెట్టింది. గంటల లెక్క తరువాత సెకన్ల లెక్కకు వచ్చింది. 2017 అక్టోబరు నుంచి అదే సంస్థ చాలా రకాల యంత్రాలకు సెకన్ల చొప్పున బిల్లు వేస్తోంది.

అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 2011లో క్లౌడ్‌కు ఒక నిర్వచనం ఇచ్చింది. అందులో ఐదు లక్షణాలు చెప్పింది. మన విషయానికి వాటిలో రెండు ముఖ్యం. మొదటిది సాగే గుణం. అంటే అవసరం పెరిగితే ఒక యంత్రం పది యంత్రాలవుతుంది, పది వెయ్యి అవుతాయి. రెండవది కొలిచి ఇచ్చే గుణం. అంటే వాడిన ప్రతి దానికీ మీటరు తిరుగుతుంది. విడివిడిగా చూస్తే ఇవి రెండూ మంచి గుణాలే. రెంటినీ కలిపి చూడండి. ఎంతవరకైనా సాగే వస్తువుకు మీటరు పెడితే, బిల్లు కూడా ఎంతవరకైనా సాగుతుంది.

ఇంటి మీటరుకూ, క్లౌడ్ మీటరుకూ తేడా

"మా ఇంట్లో కరెంటుకు కూడా మీటరు ఉందిగా, అక్కడ లేని భయం ఇక్కడెందుకు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఒక లెక్క చేద్దాం.

మీ ఇంటి కనెక్షను 5 కిలోవాట్లది అనుకోండి. ఇంట్లోని దీపాలు, ఫ్యాన్లు, ఏసీ, గీజరు అన్నీ నెల రోజులపాటు రాత్రింబవళ్ళు ఆపకుండా, ఆ 5 కిలోవాట్ల మేరకు పూర్తిగా వాడారనుకుందాం. 5 × 24 × 30 = 3,600 యూనిట్లు. మీ అజాగ్రత్తకు ఇదే పై హద్దు. అంతకు మించి లాగబోతే తీగ వేడెక్కుతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది, ఇల్లు చీకటవుతుంది. మీరు మరిచిపోయినా భౌతికశాస్త్రం మరిచిపోదు.

క్లౌడ్‌లో మీకు, ఆ భవనానికి మధ్య అటువంటి సన్నని తీగ లేదు. మీ ఖాతాలో పొరపాటు జరిగితే, అవతల ఉన్న వేలకొద్దీ యంత్రాలు మీ పేరుమీద పనిచేయడానికి సిద్ధంగా ఉంటాయి. ఇక్కడ హద్దును ప్రకృతి పెట్టదు. మనుషులే పెట్టాలి.

మా ప్రయోగశాలలో జరిగింది

ఇది నా అనుభవం. కొన్నేళ్ళ క్రితం మా కళాశాలలో చిత్రాలను గుర్తుపట్టే ప్రోగ్రాముల మీద విద్యార్థులకు శిక్షణ ఇచ్చాను. అందుకు కావలసిన శక్తిగల యంత్రం మా దగ్గర లేదు. ఒక సంస్థ దగ్గర గంటకు సుమారు 110 రూపాయల చొప్పున అద్దెకు తీసుకున్నాం. కార్డు నాది. మూడు వేల రూపాయలు దాటితే నాకు మెయిల్ వచ్చేలా హెచ్చరిక కూడా పెట్టాను. ఇక భయం లేదనుకున్నాను.

సంక్రాంతి సెలవులకు ముందు రోజు సాయంత్రం అందరూ బస్సుల హడావిడిలో ఉన్నారు. చివరగా పనిచేసిన కుర్రవాడు తన ల్యాప్‌టాపు మూసి వెళ్ళిపోయాడు. ల్యాప్‌టాపు మూస్తే యంత్రం కూడా ఆగిపోతుందని అతని నమ్మకం. దూరాన ఉన్న ఆ యంత్రానికి ఈ సంగతి తెలియదు కదా! అది పదకొండు రోజులు నడిచింది. 264 గంటలు. 264 × 110 = 29,040 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 34,267 రూపాయలు. ఆ పదకొండు రోజుల్లో ఆ యంత్రం చేసిన పని ఏమీ లేదు.

హెచ్చరిక మెయిల్ రాలేదా? వచ్చింది. రెండో రోజునే వచ్చింది. అది మా కళాశాల మెయిల్‌కు వచ్చింది. సెలవుల్లో నేను దాన్ని తెరవలేదు.

సెలవుల తరువాత ఆ కుర్రవాడు మూడు రోజులు తరగతికి రాలేదు. నాలుగో రోజు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "సార్, ఆపాననే అనుకున్నాను సార్. నెలనెలా కొంచెం కొంచెం కట్టేస్తాను సార్" అన్నాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు. నేను అతన్ని కూర్చోబెట్టి, "తప్పు నీదొక్కడిదే కాదురా. హెచ్చరిక పెట్టి, దాన్నే హద్దు అనుకున్నవాణ్ణి నేను" అని చెప్పాను. సంస్థకు వివరంగా ఉత్తరం రాశాం. వాళ్ళు సగం తగ్గించారు. మంచివాళ్ళే. కానీ తగ్గింపు అనేది దయ, హక్కు కాదు. ఉత్తరం రాయడం రానివాళ్ళ సంగతి ఏమిటి?

బిల్లు పెరిగే నాలుగు దారులు

మొదటి దారి, మరిచిపోవడం. పైన చెప్పినది అదే. దీనిలోనే ఇంకో మెలిక ఉంది. యంత్రాన్ని ఆపినా దాని డిస్కుకు అద్దె నడుస్తూనే ఉంటుంది. చిన్న చిన్న చిరునామాలకు కూడా మీటరు ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ సంస్థ ఒక్కొక్క పబ్లిక్ ఐపీ చిరునామాకు గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. అర సెంటు అంటే ఏముంది అనిపిస్తుంది. నెలకు 3 డాలర్ల 60 సెంట్లు. కారే కుళాయి లాంటిదన్నమాట.

రెండవ దారి, ప్రోగ్రాములో పొరపాటు. 2020లో ఒక చిన్న సంస్థ గూగుల్ క్లౌడ్‌లో తన కొత్త ప్రోగ్రామును పరీక్షించింది. వాళ్ళు పెట్టుకున్న బడ్జెట్టు 7 డాలర్లు. ఆ ప్రోగ్రాము ఒక వెబ్ పేజీని తెరిచి, అందులోని లింకుల కోసం మళ్ళీ తనను తానే పిలుచుకునేది. ఆ పిలుపులకు అంతం లేకపోయింది. పనిచేసే ప్రతులు వెయ్యి దాకా పెరిగాయి. డేటాబేసును 11,600 కోట్ల సార్లు చదివాయి. తెల్లవారేసరికి బిల్లు 72,000 డాలర్లు. పరిస్థితి చూసి గూగుల్ సంస్థ ఆ బిల్లును మాఫీ చేసింది.

మూడవ దారి, బయటివాళ్ళ తాకిడి. 2024 ఫిబ్రవరిలో నెట్లిఫై అనే సంస్థ దగ్గర ఉచిత పథకంలో ఉన్న ఒక మామూలు వెబ్‌సైటు మీదకు ఎవరో కావాలని తాకిడి పంపారు. ఆ సైటులో మూడున్నర మెగాబైట్లకు మించని ఒక పాట ఉంది. దాన్నే అదేపనిగా దించుకున్నారు. కొద్ది రోజుల్లో బయటకు వెళ్ళిన సమాచారం సుమారు 190 టెరాబైట్లు. ధర 100 గిగాబైట్లకు 55 డాలర్లు. మీరే లెక్కవేయండి: 1,90,000 ÷ 100 = 1,900. 1,900 × 55 = 1,04,500 డాలర్లు. ఉచిత పథకంలో లక్ష డాలర్లు! విషయం నలుగురిలో పడిన తరువాత సంస్థ ప్రధానాధికారి బిల్లును పూర్తిగా రద్దు చేశారు.

నాల్గవ దారి, తాళంచెవి పోవడం. క్లౌడ్ ఖాతాకు ప్రోగ్రాముల కోసం ఇచ్చే రహస్య సంకేతాన్ని కొందరు విద్యార్థులు తెలియక తమ ప్రోగ్రాములోనే రాసి, అందరూ చూసే చోట పెట్టేస్తారు. అటువంటి వాటిని వెతికే దొంగ ప్రోగ్రాములు నిత్యం తిరుగుతుంటాయి. నిమిషాల్లో దొరకబుచ్చుకొని, మీ పేరుమీద పెద్ద యంత్రాలు నడిపి, క్రిప్టో నాణేలు తవ్వుకుంటాయి. నాణేలు వాళ్ళకు, బిల్లు మీకు.

గంటకూ, ఫ్యూజుకూ తేడా

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. చాలా క్లౌడ్ సంస్థలు "బడ్జెట్" అనే సదుపాయం ఇస్తాయి. ఆ మాట వినగానే అంతకు మించి ఖర్చు కాదని మనం అనుకుంటాం. అది పొరపాటు. ఆ సదుపాయం చాలాచోట్ల హెచ్చరిక మాత్రమే. ఖర్చు ఫలానా అంకె దాటింది అని మెయిల్ పంపుతుంది. ఖర్చును ఆపదు.

దీన్ని నేను గంట అంటాను. ఇంటికి నిప్పంటుకుంటే గంట మోగుతుంది. మీరు లేచి వెళ్ళి ఆర్పుకోవాలి. ఫ్యూజు అలా కాదు. మీరు నిద్రపోతున్నా, ఊళ్ళో లేకపోయినా, తన పని తాను చేస్తుంది.

పైగా ఈ గంట ఆలస్యంగా మోగుతుంది. అమెజాన్ బడ్జెట్ సదుపాయంలోని ఖర్చు వివరాలు రోజుకు మూడుసార్ల దాకా మాత్రమే మారుతాయి. అంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటల పాత అంకెను మీరు చూస్తుండవచ్చు. రాత్రికి రాత్రి పెరిగే బిల్లు విషయంలో పన్నెండు గంటలంటే ఎంత వ్యవధో ఊహించండి.

మరి బ్యాంకు ఆపదా? మన రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి కార్డుల మీద ఆటోమేటిక్‌గా జరిగే చెల్లింపులకు హద్దు పెట్టింది. ఆ హద్దును 2022 జూన్‌లో 5,000 రూపాయల నుంచి 15,000కు పెంచింది. ఆ మొత్తం దాటితే మీరు ఓటీపీతో ఒప్పుకోవాలి. మంచి రక్షణే. కానీ జాగ్రత్తగా గమనించండి. ఆ హద్దు మీ డబ్బు బయటకు పోవడాన్ని ఆపుతుంది, అవతల మీటరు తిరగడాన్ని ఆపదు. చెల్లింపు ఆగినా బాకీ ఆగదు.

ఫ్యూజు ఎందుకు పెట్టరు?

ఇక్కడ సంస్థల వాదన కూడా న్యాయంగా వినాలి. వాళ్ళు చెప్పేవి ముఖ్యంగా మూడు. ఒకటి, వేలకొద్దీ యంత్రాల నుంచి వచ్చే కొలతలను కూడి, ధర కట్టడానికి సమయం పడుతుంది. రెండు, కొన్ని ఖర్చులను ఆపాలంటే దాచిన సమాచారాన్నే చెరిపివేయాలి. మూడు, ఒక ఆసుపత్రి రికార్డులో, రైల్వే టికెట్లో క్లౌడ్ మీద నడుస్తుంటే, బడ్జెట్టు దాటిందని అర్ధరాత్రి ఆపివేయడం కుదరదు.

మూడూ నిజమే. అయితే మూడింటికీ సమాధానం ఉంది. ఆసుపత్రికి ఆపవద్దు. విద్యార్థికి ఆపండి. ఖాతా తెరిచేటప్పుడే ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "ఈ మొత్తం దాటితే ఆపమంటారా, నడపమంటారా?" దాచిన సమాచారాన్ని చెరపనక్కరలేదు, కొన్నాళ్ళు తాళం వేసి ఉంచవచ్చు. కొలతలో ఆలస్యం వల్ల పడే భారాన్ని, మీటరును తన చేతిలో ఉంచుకున్న సంస్థే భరించడం సబబు. కరెంటు మీటరు ఆలస్యంగా తిరిగితే అది వినియోగదారుని నేరం కాదుగదా!

ఇది జరగని పని కాదని చెప్పడానికి రెండు ఉదాహరణలు ఇస్తాను. పరాయి దేశాల్లో మొబైలు ఇంటర్నెట్టు వాడి, భారీ బిల్లులు చూసి యూరపు ప్రజలు బెంబేలెత్తేవారు. యూరోపియన్ యూనియన్ 2010 జూలై 1 నుంచి ఒక నిబంధన తెచ్చింది. 80 శాతం దగ్గర హెచ్చరించాలి, వినియోగదారుడు వేరుగా కోరకపోతే 50 యూరోల దగ్గర ఆపివేయాలి. గంటా ఉంది, ఫ్యూజూ ఉంది.

రెండవది 2024లో జరిగింది. అమెజాన్‌లో ఖాళీగా ఉన్న ఒక నిల్వ స్థలానికి, ఎవరెవరి దగ్గరో నడుస్తున్న ప్రోగ్రాముల నుంచి ఒక్క రోజులో దాదాపు 10 కోట్ల అభ్యర్థనలు వచ్చాయి. అవన్నీ తిరస్కరించబడ్డాయి. అయినా తిరస్కరించిన వాటికి కూడా యజమానికి 1,300 డాలర్లకు పైగా బిల్లు పడింది. విషయం బయటికి వచ్చాక, అదే ఏడాది మే నెలలో ఆ సంస్థ తన నియమాన్ని మార్చుకుంది. అనుమతిలేని బయటివాళ్ళు పంపి, తిరస్కరణకు గురైన అభ్యర్థనలకు ఇప్పుడు యజమాని దగ్గర వసూలు చేయడం లేదు. కాబట్టి నియమాలు మారతాయి. అడిగితే మారతాయి.

మీ ఫ్యూజు మీరే కట్టుకోండి

ఆ మార్పు పూర్తిగా వచ్చేదాకా మన జాగ్రత్త మనం పడాలి. ముఖ్యంగా విద్యార్థులకు, వాళ్ళ తల్లిదండ్రులకు, నాబోటి ఉపాధ్యాయులకు ఈ సూచనలు.

నేర్చుకునే దశలో నిజంగా ఆగిపోయే పథకాన్నే ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ అజూర్ విద్యార్థి ఖాతాకు క్రెడిట్ కార్డు అక్కరలేదు. 100 డాలర్ల విలువ అయిపోగానే సేవలు ఆగిపోతాయి. అమెజాన్ సంస్థ కూడా 2025 జూలైలో కొత్త ఖాతాలకు ఒక ఉచిత పథకం తెచ్చింది. ఆరు నెలలు నిండినా, ఇచ్చిన విలువ అయిపోయినా ఆ ఖాతా మూతపడుతుంది, బిల్లు రాదు. ఇవి ఫ్యూజు ఉన్న పథకాలు. "అప్‌గ్రేడ్ చేయండి" అనే బటను నొక్కితే ఆ ఫ్యూజును మీ చేత్తో మీరే పీకేసినట్లు. నొక్కేముందు ఆగి ఆలోచించండి.

డబ్బుకు హద్దు పెట్టలేనప్పుడు, యంత్రాల సంఖ్యకు హద్దు పెట్టండి. ఒక ప్రోగ్రాము గరిష్ఠంగా ఎన్ని ప్రతులుగా పెరగవచ్చో మీరు నిర్ణయించవచ్చు. పరీక్షలకు ఒకటి, రెండు చాలు. వెయ్యి ఎందుకు? సంఖ్యకు హద్దు ఉంటే, గంటకు అయ్యే ఖర్చుకు కూడా హద్దు ఏర్పడుతుంది. ఇందాక ఇంటి కనెక్షనుకు వేసిన లెక్క ఇక్కడ పనికివస్తుంది.

ప్రతి యంత్రానికీ ఆగే వేళ ముందే నిర్ణయించండి. ఇప్పుడు మా ప్రయోగశాలలో సాయంత్రం ఏడు గంటలకు అన్నీ వాటంతట అవే ఆగిపోతాయి. కావలసినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. గుర్తుపెట్టుకొని ఆపడం కంటే, గుర్తుపెట్టుకొని మొదలుపెట్టడం మేలు.

హెచ్చరికలు కూడా పెట్టండి. అయితే అవి చిన్న మొత్తాల దగ్గరే మొదలవ్వాలి, రోజూ చూసే ఫోనుకు రావాలి, కనీసం ఇద్దరికి వెళ్ళాలి. కొన్ని సంస్థల్లో హెచ్చరికతో పాటు యంత్రాన్ని ఆపే ఆదేశాన్ని కూడా జతచేయవచ్చు. అమెజాన్‌లో 2020 నుంచి ఈ వీలుంది. గూగుల్ క్లౌడ్‌లో హెచ్చరిక అందగానే బిల్లింగును తెంచివేసే చిన్న ప్రోగ్రామును మనమే రాసుకోవచ్చు. గంటకు తీగ కట్టి ఫ్యూజు చేసుకోవడం ఇది. అప్పుడు కూడా కొలత ఆలస్యం మాత్రం ఉంటుందని మరవకండి.

రహస్య సంకేతాలను ప్రోగ్రాములో రాయకండి. పని అయిపోయాక యంత్రాన్ని ఆపడంతో సరిపెట్టకుండా, అక్కరలేని డిస్కును, చిరునామాను కూడా తీసివేయండి.

చివరగా, అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పొరపాటు జరిగితే దాచకండి. ముందు నడుస్తున్నదాన్ని ఆపండి. జరిగింది జరిగినట్టు సంస్థకు రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళకు, పాఠం చెప్పేవాళ్ళకు చెప్పండి. మా కుర్రవాడు గుమ్మం దగ్గరికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఇరవై ఏళ్ళ పిల్లవాడు అన్ని రోజులు ఒక అంకెను ఒంటరిగా మోయవలసిన పని లేదు.

సారాంశం

క్లౌడ్ సాగుతుంది, కొలుస్తుంది. అందువల్ల బిల్లుకు ప్రకృతి పెట్టే హద్దు లేదు. హెచ్చరిక గంట మాత్రమే, అది ఆలస్యంగా మోగుతుంది. నిజమైన హద్దు తనంతట తాను ఆపుతుంది. దాన్ని ఇవ్వడం సంస్థల బాధ్యత, అడగడం మన హక్కు, అంతదాకా సొంతంగా ఏర్పాటు చేసుకోవడం మన జాగ్రత్త.

మీరే చేసి చూడండి

గంటకు 110 రూపాయల యంత్రం రోజూ సాయంత్రం ఏడు నుంచి ఉదయం తొమ్మిది వరకు అనవసరంగా నడిస్తే, 30 రోజులకు ఎంత వృథా అవుతుందో లెక్కకట్టండి. తరువాత మీ క్లౌడ్ ఖాతా తెరిచి, అందులో ఉన్నది గంటో, ఫ్యూజో చూసుకోండి. ఈ రెండో పని ఈ రోజే చేయండి.